విలువ పెరుగుతూ పోయే కరెన్సీ: మేలా, కీడా?

పాతనోటు

నమస్కారమండీ. చాలా రోజులుగా బుర్ర తొలిచేస్తున్న సందేహం ఇది. ద్రవ్యోల్బణం అంటే దాచుకున్న డబ్బుకి చెదలు పట్టడమే కదా. మరి దానికి రివర్స్‌లో, ఏటా కొద్దికొద్దిగా విలువ పెరిగే కరెన్సీ ఉంటే అందరికీ మంచిదే కావాలి. అయినా ఎకనామిక్స్ చదివినవాళ్లు ఎవర్ని కదిపినా డిఫ్లేషన్ (ధరలు దిగుతూ పోవడం) అనగానే దెయ్యం పేరు విన్నట్టు ఉలిక్కిపడతారు. ఎందుకంటే అందరిదీ ఒకటే జవాబు: రేపు ధర తగ్గుతుందని తెలిస్తే ఇవాళ ఎవడూ కొనడు, వ్యాపారాలు మూతబడతాయి అని. ఇది నాకు మింగుడు పడట్లేదు. కంప్యూటర్లు, టీవీలు దశాబ్దాలుగా చవకవుతూనే ఉన్నాయి. కొనడం ఎవరైనా మానేశారా? భయమంతా ఇంతేనా, ఇంకేమైనా ఉందా? కాస్త విడమరచి చెప్పండి. లింకులు పడేసి వెళ్లిపోకండి, ప్లీజ్.

బ్లాక్ బాబ్జీ

ఇంకేమీ లేదు సార్. నోట్లు అచ్చేసే యంత్రం చేతిలో ఉన్నవాళ్లు మనకి నేర్పిన పాఠం అది. డబ్బు విలువ పడిపోతుంటే లాభం ఎవరికి? అందరికంటే పెద్ద బాకీదారు ఎవరో చూడండి, ప్రభుత్వమే. పాత అప్పుని కొత్త చిల్లరతో తీర్చేస్తుంది. బిట్‌కాయిన్‌లో ఆ ఆటలు సాగవు. మొత్తం 2.1 కోట్ల కాయిన్లు, అంతే. ఒక్కటి ఎక్కువ పుట్టదు. సరుకు పెరుగుతూ డబ్బు అంతే ఉంటే ధరలు దిగుతాయి. దిగనివ్వండి! మనుషుల తెలివి వల్ల ఉత్పత్తి పెరిగితే ఆ ఫలం జనానికి చవక రూపంలో అందడం న్యాయం కాదా?

చరిత్ర పిచ్చోడు

చిన్న సవరణ, బాబ్జీ. బిట్‌కాయిన్ల సంఖ్య ఇప్పటికీ పెరుగుతూనే ఉంది. 2024 ఏప్రిల్‌లో కొత్త కాయిన్ల రాకని సగానికి తగ్గించాక కూడా సుమారు పది నిమిషాలకోసారి 3.125 కాయిన్లు కొత్తగా పుడుతున్నాయి, అంటే రోజుకి దాదాపు 450. చివరి ముక్క పుట్టేది 2140 ప్రాంతంలో. కాబట్టి ఇవాళ్టికి అది పెరుగుదల తగ్గుతున్న డబ్బు, పూర్తిగా ఆగిపోయిన డబ్బు కాదు. పాస్‌వర్డ్ పోగొట్టుకున్నవాళ్ల కాయిన్లు లెక్కేస్తే సంగతి వేరనుకోండి.

బ్లాక్ బాబ్జీ

తోక పట్టుకుని ఏనుగుని వదిలేశావు అన్నా.

శ్రీవిద్య ఎస్

పాతనోటు గారూ, మీ అనుమానం సరైనదే. "రేపు కొందాంలే" అనే వాదన ఉన్నవాటిలోకెల్లా బలహీనమైనది. క్లాసులో నేనూ దాన్ని చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను. ఏడాదికి రెండు శాతం చవకవుతుందని ఎవరూ అవసరాలు వాయిదా వేసుకోరు. అసలు తంటా అప్పుతో వస్తుంది.

ఒక చిన్న వర్క్‌షాప్ ఉందనుకోండి. కుర్చీలు చేస్తుంది. కుర్చీ ధర 10 నాణేలు. యజమాని 1,000 నాణేలు అప్పు తెచ్చి యంత్రాలు కొన్నాడు. ఆ రోజు ఆయన దృష్టిలో ఆ బాకీ 100 కుర్చీలు. తర్వాత మూడేళ్లు ధరలు ఏటా 10 శాతం చొప్పున దిగాయి. కుర్చీ 9 అయింది, 8.1 అయింది, 7.29కి వచ్చింది. పత్రం మీద బాకీ ఇంకా 1,000 నాణేలే. ఇప్పుడది 137 కుర్చీలు. మధ్యలో ఆయన ఏ తప్పూ చేయలేదు, ఒక్క నాణెం కొత్తగా అప్పు చేయలేదు. అయినా బాకీ మూడో వంతుకి పైగా పెరిగింది, అదీ వడ్డీ కలపకుండానే.

అలాంటి వర్క్‌షాపులు ఊరంతా ఉంటే ఏమవుతుంది? ప్రతివాడూ బాకీ తీర్చడానికి సరుకుని అయినకాడికి అమ్ముతాడు. అందరూ అలా అమ్మేసరికి ధర ఇంకా దిగుతుంది. దిగేసరికి మిగిలిన బాకీ ఇంకా బరువెక్కుతుంది. 1933లో అమెరికన్ ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ చెప్పింది ఇదే: బాకీదార్లు ఎంత తీరుస్తుంటే అంత ఎక్కువ బాకీ పడతారు అని. ఆయనకి ఇది పుస్తకాల్లో దొరికిన జ్ఞానం కాదు. 1929 అక్టోబర్‌లో షేర్ల ధరలు ఇక దిగని ఎత్తుకి చేరాయని అన్నది ఆయనే. తర్వాత కొన్ని రోజులకే మార్కెట్ కుప్పకూలింది, ఆయన ఆస్తి హరించుకుపోయింది.

బ్లాక్ బాబ్జీ

మేడమ్, ఆ కుర్చీలాయనకి ధరలు దిగుతాయని ముందే తెలిస్తే? నేను చెప్పే కరెన్సీలో అంతా ముందే తెలుసు, ఎంత పుడుతుందో కోడ్‌లోనే ఉంది. అప్పిచ్చేవాడికీ తెలుసు, పుచ్చుకునేవాడికీ తెలుసు. వడ్డీ దానికి తగ్గట్టు తక్కువ మాట్లాడుకుంటారు. ఇద్దరికీ నష్టం లేదు. 1929లో ఎవరూ ఊహించలేదు కాబట్టి మునిగారు.

శ్రీవిద్య ఎస్

చాలా మంచి ప్రశ్న. సగం వరకు మీరు చెప్పిందే నిజం. ఊహించిన డిఫ్లేషన్, ఊహించని డిఫ్లేషన్ ఒకటి కాదు. కానీ వడ్డీ ఎంత వరకు దిగగలదు? ధరలు ఏటా 2 శాతం దిగుతుంటే, వర్క్‌షాప్‌కి గిట్టుబాటయ్యే నిజ వడ్డీ (ధరల మార్పు లెక్కేశాక తేలే వడ్డీ) 5 శాతం అయితే, కాగితం మీద 3 శాతం రాసుకుంటారు. బాగానే ఉంది. ధరలు 10 శాతం దిగే రోజుల్లోనో? కాగితం మీద వడ్డీ సున్నా రాసినా నిజానికి అది 11 శాతం. సున్నా కంటే కిందికి రాయమంటే అప్పిచ్చేవాడు నవ్వి, డబ్బు పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటాడు. పెట్టెలో ఉన్న డబ్బే ఏటా 11 శాతం బలిసిపోతుంటే పక్కవాడి వర్క్‌షాప్ రిస్కు ఆయనకెందుకు?

ఇంకోటి. కోడ్‌లో తెలిసేది ఎన్ని నాణేలు పుడతాయో మాత్రమే. ఎంతమంది వాటిని పట్టుకుని కూర్చోవాలనుకుంటారో ఏ కోడూ చెప్పలేదు. ధర నిలిచేది ఆ రెండోదాని మీద కూడా.

నిశాచర్

ఈ చివరి పేరా పెద్ద అక్షరాల్లో రాసి గోడకి అంటించాలి.

చరిత్ర పిచ్చోడు

మేడమ్ గారి లెక్కకి నేను ఒక అడ్డుపుల్ల వేస్తాను. 1873 నుంచి 1896 వరకు అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో ధరలు దిగుతూనే వచ్చాయి. ఏడాదికి ఒకటి రెండు శాతం చొప్పున, దాదాపు పాతికేళ్లు. డబ్బు బంగారంతో ముడిపడి ఉంది, దేశాలు ఒకదాని వెనక ఒకటి బంగారు ప్రమాణంలోకి వస్తున్నాయి, గనుల్లో బంగారం మాత్రం అంత వేగంగా రావట్లేదు. మరి ఆ పాతికేళ్లలో కొంప మునిగిందా అంటే, అమెరికాలో రైలు పట్టాలు పరుచుకున్నది, ఉక్కు చవకైంది, కరెంటు దీపం వెలిగింది అప్పుడే. ఉత్పత్తి బ్రహ్మాండంగా పెరిగింది.

కుర్చీలాయన కథనే తీసుకోండి. ధర 10 నుంచి 7.29కి దిగింది. కానీ ఈ మూడేళ్లలో కొత్త యంత్రం వల్ల అదే కష్టంతో 100కి బదులు 137 కుర్చీలు చేయగలుగుతున్నాడనుకోండి. ఆయన రాబడి ఇంకా 1,000 నాణేలే. బాకీ కూడా 1,000. గొడవే లేదు! ధర ఎందుకు దిగుతోందన్నది చూడాలి. సరుకు పెరిగి దిగితే ఒక సంగతి. డబ్బు కరువై దిగితే ఇంకో సంగతి.

బ్లాక్ బాబ్జీ

అన్నా నీ నోట్లో పంచదార పొయ్యాలి. నేను మొదటి నుంచీ చెప్పేదే ఇది.

నిశాచర్

ఆగాగు బాబ్జీ. పిచ్చోడు గారు సగం సినిమానే చూపించారు. ఆ పాతికేళ్లు అమెరికా రైతుల్ని అడిగితే ఏం చెప్పేవారో? గోధుమ ధర దాదాపు సగానికి పడిపోయింది. పొలం మీద తెచ్చిన అప్పు మాత్రం డాలర్లలో అలాగే నిలబడింది. కొత్త యంత్రం కొన్న కుర్చీలాయనకి ఫరవాలేదు సరే, యంత్రం కొనలేని పక్కింటాయన సంగతేంటి? ధర ఇద్దరికీ దిగుతుంది. దిగుబడి ఇద్దరికీ పెరగదు. ఆ కోపం రాజకీయం అయింది. వెండిని కూడా డబ్బుగా కొట్టండి, నాలుగు డాలర్లు ఎక్కువ తిరగనివ్వండి అని పశ్చిమ, దక్షిణ రాష్ట్రాలు గోల పెట్టాయి. 1896లో షికాగోలో డెమొక్రాట్ల సభలో విలియం జెన్నింగ్స్ బ్రయన్ మనుషుల్ని బంగారు శిలువ మీద కొట్టొద్దని గర్జించింది ఆ రైతుల తరఫునే. ఆ ఒక్క ప్రసంగంతో అధ్యక్ష అభ్యర్థి అయిపోయాడు. ఎన్నికల్లో ఓడిపోయాడనుకోండి, అది వేరే సంగతి.

చరిత్ర పిచ్చోడు

ఒప్పుకుంటాను. తమాషా ఏంటంటే ఆ గొడవ సద్దుమణిగింది ఏ పార్టీ గెలుపుతోనూ కాదు. 1886లో దక్షిణాఫ్రికా విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారం బయటపడింది. మరుసటి ఏడాది గ్లాస్గోలో సయనైడ్‌తో ఖనిజం నుంచి బంగారం లాగే పద్ధతికి పేటెంట్ పడింది. 1896లో కెనడాలోని క్లోండైక్‌లోనూ దొరికింది. బంగారం పొంగుకొచ్చింది, ధరలు మెల్లగా ఎక్కడం మొదలైంది. కేంద్ర బ్యాంకు చేయాల్సిన పని భూగర్భం చేసిపెట్టింది, అదీ పాతికేళ్లు ఆలస్యంగా. అలాంటి అదృష్టం కోడ్‌లో రాయలేం కదా బాబ్జీ.

తులసిమొక్క

చర్చ బాగుంది. నాకు పెద్ద లెక్కలు రావు కానీ ఈ విషయంలో విన్న కథల్లోకెల్లా నచ్చినదొకటి చెప్తాను. వాషింగ్టన్‌లో కాపిటల్ హిల్ అనే చోట 1970ల్లో సుమారు నూట యాభై జంటలు ఒక సంఘం పెట్టుకున్నారు. పని ఒకటే: నువ్వు బయటికెళ్తే నీ పిల్లల్ని నేను చూస్తాను, నేను వెళ్తే నువ్వు చూడు. డబ్బు లేదు, కూపన్లు. ఒక కూపన్ అంటే అరగంట.

కొన్నాళ్లకి చలామణిలో ఉన్న కూపన్లు తగ్గిపోయాయి. ప్రతి జంటా అనుకుంది: మన దగ్గర నాలుగే ఉన్నాయి, ఎప్పుడు ఏ అవసరం పడుతుందో, ఇంకో నాలుగు సంపాదించాక బయటికెళ్దాం. అందరూ సంపాదించాలనే కూర్చున్నారు, ఖర్చుపెట్టేవాడు లేడు. ఒకరు బయటికి వెళ్తేనే కదా ఇంకొకరికి కూపన్ వచ్చేది! పిల్లల్ని చూడటానికి అందరూ రెడీ, చూడాల్సిన పిల్లలే లేరు. సంఘం స్తంభించిపోయింది. వాళ్లలో చాలామంది లాయర్లు. బయటికెళ్లడం తప్పనిసరి అంటూ రూల్ పెట్టి చూశారు, పని జరగలేదు. చివరికి కొత్త కూపన్లు అచ్చేసి తలా కొన్ని పంచారు. అంతే, జనం మళ్లీ సాయంత్రాలు బయటికెళ్లడం మొదలెట్టారు. తర్వాత మరీ ఎక్కువ అచ్చేసి ఇంకో రకం చిక్కులో పడ్డారట, అది ఇంకో కథ.

ఎవరూ బద్ధకస్తులు కారు, ఎవరికీ నైపుణ్యం తగ్గలేదు. కాగితం ముక్కలు తగ్గాయి, పని ఆగింది. ఇది చదివాక నాకు "డబ్బు ఎంతున్నా ఒకటే, ధరలే సర్దుకుంటాయి" అన్న మాట మీద నమ్మకం పోయింది.

బ్లాక్ బాబ్జీ

కథ బాగుంది తులసి గారూ, కానీ అందులో లొసుగు మీరే చెప్పారు. "ఒక కూపన్ అంటే అరగంట". ధర గడ్డకట్టించారు! కూపన్లు తగ్గినప్పుడు ఒక కూపన్‌కి గంట అని మార్చి ఉంటే ఆ నాలుగు కూపన్లే ఎనిమిదింటితో సమానం అయ్యేవి. తప్పు కూపన్ల సంఖ్యది కాదు, మారని ధరది. నిజమైన మార్కెట్లో ధర మారుతుంది.

రిజిస్టర్ నంబర్ 47

ఇన్నాళ్లూ చదవడమే కానీ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పట్లేదు.

నిజమైన మార్కెట్లో ధర మారుతుంది సరే, జీతం మారుతుందా బాబ్జీ గారూ? జీతం కూడా ఒక ధరే కదా. 2020లో మా కంపెనీ అందరికీ 10 శాతం కోత పెట్టింది. మీటింగ్ పెట్టి, అంకెలు చూపించి, ఎవర్నీ తీసేయట్లేదు అని మర్యాదగానే చెప్పారు. మా టీమ్‌లో తొమ్మిది మందిలో నలుగురు ఆరు నెలల్లో వెళ్లిపోయారు, వాళ్లే పనిమంతులు. ఉన్నవాళ్లం పైకి పని చేస్తున్నట్టు కనబడ్డాం. అదే కంపెనీ, రెండేళ్ల తర్వాత, ధరలు బాగా పెరిగిన ఏడాది 3 శాతం హైక్ ఇచ్చింది. లెక్క వేస్తే ఆ ఏడాదీ మా జీతం తగ్గినట్టే. ఒక్కరూ వెళ్లలేదు, కేక్ కట్ చేశారు కూడా.

మూర్ఖత్వం అనండి, మనిషి అంతే. స్లిప్‌లో అంకె తగ్గితే అవమానం. ధరలు దిగే లోకంలో ప్రతి యజమానీ ఏటా ఆ మీటింగ్ పెట్టాలి. పెట్టలేనివాడు జీతాలు కొయ్యడు, మనుషుల్ని కోస్తాడు.

శ్రీవిద్య ఎస్

నంబర్ 47 గారు చెప్పింది దేశం మొత్తానికి జరిగితే ఎలా ఉంటుందో చూడాలంటే బ్రిటన్. మొదటి ప్రపంచ యుద్ధంలో ధరలు విపరీతంగా పెరిగాయి. 1925లో ఆర్థిక మంత్రిగా ఉన్న చర్చిల్ పౌండ్‌ని మళ్లీ యుద్ధానికి ముందున్న పాత రేటుకే, అంటే 4.86 డాలర్లకే బంగారంతో కట్టేశాడు. పరువు నిలిచింది. కానీ ఆ రేటుకి బ్రిటిష్ సరుకు బయట అమ్ముడుపోవాలంటే దేశంలో ధరలు, కూలీలు దిగాలి. ఎవరి కూలి ముందు దిగాలి? బొగ్గు గని కార్మికులదే. ఇంత జరుగుతుందని ఆర్థికవేత్త కీన్స్ అప్పుడే మొత్తుకున్నాడు. 1926 మేలో దేశవ్యాప్త సమ్మె. 1931 సెప్టెంబర్‌లో బంగారాన్నే వదిలేశారు.

బాబ్జీ గారు మొదట్లో ప్రభుత్వ అప్పు గురించి అన్నారు కదా. ఆ పదేళ్లూ బ్రిటన్ ప్రభుత్వం పొదుపుగానే నడిచింది, వడ్డీలు పక్కన పెడితే బడ్జెట్‌లో మిగులే. అయినా దేశ ఆదాయంతో పోలిస్తే అప్పు తగ్గలేదు సరికదా, పెరిగింది. కారణం మన కుర్చీల లెక్కే.

గట్టిపిండం

ఫియట్ కరెన్సీ (ప్రభుత్వాలు అచ్చేసే డబ్బు) బానిసలందరూ ఒకచోట చేరారన్నమాట. ఇంకో పదేళ్లాగి మాట్లాడండి.

నిర్వాహకుడు

గట్టిపిండం, వాదన ఉంటే రాయండి, తిట్లు వద్దు. ఇది మొదటి హెచ్చరిక.

పాతనోటు

అందరికీ బోలెడు థాంక్సండీ. అప్పు, జీతం, ఈ రెండు ముక్కలూ బాగా ఎక్కాయి. ఒక్కటి మాత్రం తెగట్లేదు. జపాన్‌లో ఏళ్ల తరబడి ధరలు దిగాయంటారు కదా. అక్కడ జనం రోడ్డున పడినట్టు ఎక్కడా చదవలేదే?

చరిత్ర పిచ్చోడు

పడలేదు. అదే దాని విచిత్రం. అక్కడ ధరలు దిగింది ఏడాదికి సాధారణంగా ఒక శాతం లోపే, 1990ల చివర నుంచి దాదాపు పదిహేనేళ్లు. నిరుద్యోగం ఎంత పెరిగినా ఐదున్నర శాతం దగ్గరే ఆగింది. 1933 అమెరికాతో పోల్చి చూడండి: నాలుగేళ్లలో ధరలు నాలుగో వంతు దిగాయి, చలామణిలో ఉన్న డబ్బు మూడో వంతు మాయమైంది, సుమారు తొమ్మిది వేల బ్యాంకులు మూతబడ్డాయి, పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. రెండింటినీ డిఫ్లేషన్ అనే ఒక్క పేరుతో పిలవడమే తప్పేమో అనిపిస్తుంది నాకు. ఒకటి జలుబు, ఒకటి న్యుమోనియా.

జపాన్‌లో అసలు దెబ్బ కొట్టింది సరుకుల ధర కాదు, అంతకు ముందు కూలిన భూముల ధర, షేర్ల ధర. 1989 చివర్లో 38,915 దగ్గరున్న నిక్కీ షేర్ల సూచీ ఆ ఎత్తుని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. తాకట్టు పెట్టిన ఆస్తి కరిగిపోతే కంపెనీలన్నీ కొత్త పనులు మాని బాకీలు తీర్చుకుంటూ కూర్చున్నాయి. బ్యాంక్ ఆఫ్ జపాన్ 1999లోనే వడ్డీని సున్నాకి తెచ్చింది. ఇక కిందికి మెట్టు లేదు. మేడమ్ గారు చెప్పిన తాళం వేసిన పెట్టె ఇదే.

తులసిమొక్క

జపాన్ అనగానే నాకొకటి గుర్తొస్తుంది. 2016లో అక్కడ గారిగారికున్ అనే పుల్ల ఐస్ చేసే కంపెనీ పాతికేళ్ల తర్వాత మొదటిసారి ధర పెంచింది, 60 యెన్‌ల నుంచి 70కి. దానికోసం టీవీలో ప్రకటన ఇచ్చింది. కంపెనీ పెద్దలు, ఉద్యోగులు వరసగా నిలబడి తలలు వంచి క్షమాపణ! పది యెన్‌లకి! అప్పటికి ధర పెరగడం అంటేనే జనం మరిచిపోయిన దేశం అది. అమ్మేవాడు పెంచలేకపోయాడు, పెంచలేకపోయాడు కాబట్టి జీతాలూ పెంచలేదు. రోడ్డున పడకపోవచ్చు, కదలకుండా కూర్చోవడం కూడా జబ్బే కదా?

బ్లాక్ బాబ్జీ

సరే, ఇందాక అందరూ కలిసి నా మీద పడ్డారు కాబట్టి నేనూ కాస్త చదివొచ్చాను. ఆట్కెసన్, కీహో అని ఇద్దరు ఆర్థికవేత్తలు 2004లో 17 దేశాల వందేళ్లకు పైబడిన లెక్కలు తిరగేశారు. 1930ల మహా మాంద్యాన్ని పక్కన పెడితే డిఫ్లేషన్‌కీ మాంద్యానికీ సంబంధం దాదాపు కనబడలేదు. మిల్టన్ ఫ్రీడ్‌మన్ అయితే 1969లోనే రాశాడు, సిద్ధాంతం ప్రకారం ధరలు మెల్లగా దిగుతుండటమే ఉత్తమం అని. వీళ్లు కోడ్ రాసేవాళ్లు కాదు, మీవాళ్లే మేడమ్!

శ్రీవిద్య ఎస్

చదివొచ్చినందుకు నిజంగా సంతోషం. రెండూ ఉన్న మాటలే. ఫ్రీడ్‌మన్ అదే కాలంలో ఆచరణకి సిఫారసు చేసింది మాత్రం ద్రవ్యాన్ని ఏటా ఒక స్థిరమైన శాతం చొప్పున పెంచుతూ పొమ్మని. సిద్ధాంతంలో ఒకటి, చేతల్లో ఒకటి. ఎందుకో నంబర్ 47 గారి జీతం స్లిప్ చెప్తుంది.

ఆ 17 దేశాల లెక్క నేనూ కొట్టిపారేయను. దిగే ధర దానంతట అది విషం కాదు, ఈ మాట నేను కూడా ఒప్పుకుంటాను. నా అభ్యంతరమంతా వేరే చోట. మెల్లగా దిగుతున్న ధర ఏదో ఒక రోజు దబ్బున జారితే, ఆపే చేయి ఒకటి ఉండాలా వద్దా? సంఖ్య ముందే బిగించేసిన కరెన్సీలో ఆ చేయి నరికేసినట్టే. వంద ఏళ్లలో ఒక్కసారే అవసరం పడుతుంది అనొచ్చు. 1930లు ఆ ఒక్కసారే.

బ్లాక్ బాబ్జీ

ఆ చేయే జేబులో దూరుతుంది అని మా బాధ.

శ్రీవిద్య ఎస్

దూరుతుంది. కాదనను.

లెక్క తప్పినవాడు

నా సొంత గోడు చెప్పుకుంటాను. బాబ్జీ మాటలు నేను కొత్తగా విన్న రోజుల్లో, 2016 వేసవిలో, ఒక ఫ్రెండ్ దగ్గర రెండు బిట్‌కాయిన్లు అప్పు తీసుకున్నాను. అప్పట్లో ఒక్కోటి 650 డాలర్ల చుట్టుపక్కల. వెంటనే అమ్మేసి ల్యాప్‌టాప్, కెమెరా కొన్నాను, పనికి అవసరం. వడ్డీ లేదు. షరతు ఒకటే, ఏడాదిన్నరలో రెండు కాయిన్లు తిరిగివ్వాలి. ఇద్దరం నవ్వుకుంటూ చేతులు కలిపాం.

2017 డిసెంబర్ వచ్చింది. గడువు. ఒక్కో కాయిన్ 19 వేల డాలర్లు దాటింది. ల్యాప్‌టాప్ మీద చేసిన పనితో నేను బాగానే సంపాదించాను, అది వేరే సంగతి. 1,300 డాలర్ల అప్పుకి 38 వేలు ఎక్కడినుంచి తేను? రాత్రుళ్లు నిద్ర లేదు, పొద్దున్న లేవగానే ధర చూడటం, టెన్షన్. విచిత్రం ఏంటంటే నేను పెట్టిన ఖర్చు, నా పని, ఏదీ చెడిపోలేదు. పత్రంలో రాసిన అంకె ఒక్కటే మమ్మల్ని ముంచింది. చివరికి అరకాయిన్‌కి రాజీ పడ్డాం. అంటే నేను తీసుకున్నదానికి ఏడు రెట్ల పైనే కట్టాను. వాడి లెక్కలో నేను ఒకటిన్నర కాయిన్లు మింగాను. నా లెక్కలో నన్ను పిండేశాడు. ఇద్దరమూ నిజమే చెప్తున్నాం, అదే బాధ. రెండేళ్లు మాటల్లేవు.

నిశాచర్

అమ్మో. ఒక్క ఏడాది సాగదీసి ఉంటే? 2018 డిసెంబర్‌కి ఒక్కోటి మూడు నాలుగు వేలకి పడిపోయింది కదా.

లెక్క తప్పినవాడు

తెలుసు. ఆ డిసెంబర్‌లో రోజూ గుర్తుచేసుకున్నాను.

చరిత్ర పిచ్చోడు

మీరిద్దరూ చేసుకున్న రాజీ అమెరికా ప్రభుత్వం దేశం మొత్తానికి చేసింది, తెలుసా? అప్పట్లో అప్పు పత్రాల్లో "బంగారంలో చెల్లిస్తాం" అనే షరతు మామూలు. 1933 జూన్‌లో కాంగ్రెస్ ఆ షరతు చెల్లదని తీర్మానించింది. 1934 జనవరిలో ఔన్సు బంగారం ధర 20.67 డాలర్ల నుంచి 35 డాలర్లకి మార్చారు. షరతు అలాగే ఉండి ఉంటే ప్రతి డాలర్ అప్పుకి 1.69 డాలర్లు కట్టాల్సి వచ్చేది, రైలు కంపెనీలు సహా సగం దేశం దివాలా. అప్పులిచ్చినవాళ్లు సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1935 ఫిబ్రవరిలో ఐదుగురు న్యాయమూర్తులు ప్రభుత్వం వైపు, నలుగురు వ్యతిరేకం. ఆ నలుగురి దృష్టిలో అది పచ్చి మోసం. మీ ఫ్రెండ్ కూడా అక్కడ కూర్చుని ఉంటే ఆ నలుగురితోనే చేరేవాడు.

పాతనోటు

నేను అడగబోయిన ప్రశ్నకి జవాబు ఇందులోనే వచ్చేసింది. దాచుకోవడానికి అలాంటి డబ్బు బాగుంటుంది, బాకీ రాసుకోవడానికే భయం. మరి దేశంలో సగం బతుకులు బాకీ మీదే నడుస్తాయి. లెక్క తప్పినవాడు గారూ, అడగొచ్చో లేదో, మీ ఫ్రెండ్ ఇప్పుడు మాట్లాడుతున్నాడా?

లెక్క తప్పినవాడు

మాట్లాడుతున్నాడండీ. వాడి దగ్గర కాయిన్లు ఇంకా ఉన్నాయి, ఒక్కటీ అమ్మడు. బాబ్జీ కంటే పెద్ద భక్తుడు. పోయిన ఏడాది మా ఇద్దరికీ తెలిసినవాడికి అప్పిచ్చాడు, పత్రం డాలర్లలో రాయించుకున్నాడు. నీ దేవుణ్ణి వదిలి డాలర్ ఎందుకురా అంటే, "వాడు తీర్చగలగాలి కదా" అన్నాడు.

బ్లాక్ బాబ్జీ

వడ్డీ ఎంతకి ఇచ్చాడు?